అయిపోయిన వరుసలో చీటీ

ఏడేళ్లుగా ఇతరులు చేసిన తప్పులు వెతకడమే హెప్సిబా ఉద్యోగం. తిరువూరు మెయిన్ రోడ్డులో విత్తనాల కొట్టు పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె టెస్టర్. ఈ ఏడాది కంపెనీకి టీమ్ లీడర్ కావాల్సి వచ్చింది. ఎజైల్ అనే పని పద్ధతిలో మూడు నెలలు శిక్షణ, అందులో నెగ్గినవాళ్లకే ఆ పదవి. పోటీలో ఇద్దరే: హెప్సిబా, యజమానురాలు శివపార్వతి మేనల్లుడు విశ్వతేజ. దాన్ని పోటీ అనడం కూడా మర్యాదకే.

ప్రతి శుక్రవారం విజయవాడ బస్సులో శిక్షకుడు సీతారామారావు గారు దిగేవారు. పనిని రెండేసి వారాల ముక్కలుగా చేసుకోవాలట, ప్రతి ముక్కనీ వాడేవాళ్లకి చూపించి వాళ్ల మాట వినాలట, రోజూ పొద్దున అందరూ నిలబడి నిన్న ఏం చేశారో, ఏం అడ్డొచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలట. నిలబెడితే చాలు, మనుషులు నిజం చెప్పేస్తారనుకునే అమాయకత్వం ఆయనది. విశ్వతేజ ఫోన్ చూసుకుంటూ, "నాకేం అడ్డం లేదు, నువ్వు అడ్డం రాకపోతే చాలు" అనేవాడు. టీమ్‌లో మిగతా ఇద్దరిలో రుచిత కిసుక్కున నవ్వేది. ప్రేమ్ కిరణ్ నేల చూపులు చూసేవాడు. హెప్సిబాకి ఒళ్లు మండిపోయేది. అయినా గోడకున్న పనుల బోర్డు మీద "అడ్డంకులు లేవు" అనే రాసేది. యజమాని బంధువు మీద పదిమందిలో ఫిర్యాదు చేసే ధైర్యం ఆ గదిలో ఎవరికుంది?

వాళ్లు తయారు చేస్తున్నది కలుపుకీ, పత్తి తీతకీ కూలీల ముఠాలని ఫోన్లో పిలుచుకునే యాప్. ఆఖరి రెండు వారాలు హెప్సిబా లీడర్‌గా పని నడిపించి, బోర్డు మీద ఒక్కో పనికీ పెట్టిన చీటీలన్నీ 'చేయాల్సినవి' వరుస నుంచి 'అయిపోయినవి' వరుసలోకి చేర్చి చూపించాలి. దగ్గర్లోని ఎ.కొండూరు వెళ్లి ముఠాలు నడిపే మేస్త్రమ్మలతో మాట్లాడి రావడం విశ్వతేజ వంతు. మూడో రోజుకే అతను తన చీటీ తీసి 'అయిపోయినవి' వరుసలో అతికించాడు. కింద "ఎంత పొద్దుపోయినా పనిలో ఉంటామన్నారు" అని రాశాడు.

హెప్సిబాది ఎ.కొండూరే. వాళ్లమ్మ ప్రేమావతి ఇరవై ఏళ్లుగా అక్కడి మేస్త్రమ్మల్లో ఒకరు. ఆ సంగతి కనుక్కోవాలన్న ఆలోచన కూడా రాలేదు ఆ మహానుభావుడికి.

"విశ్వతేజ అనే అబ్బాయి వచ్చి మాట్లాడాడా అమ్మా?" అని ఇంటికెళ్లి అడిగింది.

"మేం పత్తి తీసే చేల వాళ్లబ్బాయా? వాళ్ల కారు మా పేటలోకి ఎప్పుడొచ్చిందే?" అంది ప్రేమావతి. కూతురు చీటీలో మాట చెప్పగానే ఆమె మొహం గంటుపెట్టుకుంది. "పొద్దుపోయినా ఉంటామని మా తరఫున చెప్పడానికి వాడెవడు?"

నోరు మూసుకుంటే హెప్సిబా నెగ్గినట్టే. చీటీలన్నీ 'అయిపోయినవి' వరుసలోకి చేరిపోయాయి. శుక్రవారం శివపార్వతి, సీతారామారావు గారు బోర్డు చూసి తల ఊపుతున్నారు కూడా. హెప్సిబా లేచి, విశ్వతేజ చీటీ పీకి 'చేయాల్సినవి' వరుసలో పెట్టింది.

"ఈ పని జరగలేదండి. ఆయన ఎ.కొండూరు వెళ్లనే లేదు. మా అమ్మ అక్కడ మేస్త్రమ్మేనండి."

"నన్ను దొంగని చేస్తావా!" అని విశ్వతేజ అరిచాడు. రుచిత, ప్రేమ్ కిరణ్ మాకేం తెలీదన్నారు. సీతారామారావు గారు గొంతు సవరించుకుని, "టీమ్ పరువు పదిమందిలో తీయకూడదమ్మా. పక్కకి పిలిచి చెప్పుకోవాలి" అన్నారు. నిజం చెప్పుకోండని మూడు నెలలు ఊదరగొట్టిన మనిషే. "నలుగురినీ కలుపుకుపోవడం నీకు రాలేదు హెప్సిబా" అని శివపార్వతి తేల్చేసింది. పదవి మేనల్లుడికి పోయింది. హెప్సిబా బాత్రూంలోకి వెళ్లి, ఏడుపొస్తుంటే కుళాయి తిప్పి వదిలేసింది.

సోమవారం కొత్త లీడర్ మొదటి ఆర్డరు వేశాడు. "ఆ ఎ.కొండూరు పనేదో నువ్వే చూడు. నీ వాళ్లేగా."

వెళ్లింది. పదకొండు మంది మేస్త్రమ్మల్ని చర్చి ఆవరణలో కూర్చోబెట్టి, వాళ్ల పేరు మీద ఏం రాశారో చదివి వినిపించింది. మర్నాడు పొద్దున టీమ్ ముందు నోటు పుస్తకం తెరిచి విశ్వతేజ వైపు తిరిగింది.

"పొద్దుగూకాక ఎవరూ పనిలో ఉండరండి. ఇంకో మాట మీకే చెప్పమన్నారు. వచ్చే వారం మీ పత్తి తీతకి ఎ.కొండూరు నుంచి ఒక్క ముఠా కూడా దిగదు. కావాలంటే వెళ్లి అడగండి, ఇది మాత్రం నిజంగా వాళ్లన్న మాటే."