ట్యాంకులో కేసింగు పైపు

బుక్కరాయసముద్రంలో ఈశ్వరిని చాలామంది పేరు పెట్టి పిలిచేవారు కాదు. ‘ఎండుబోరు’ అనేవారు. పోయిన ఏడాది బత్తలపల్లె అవతల ఎర్రనేల మీద జరిగిన కార్ల మట్టి రేసులో ఆమె అందరికంటే ముందు పోతూ, ఆఖరి చుట్టులో పెట్రోలు అయిపోయి నిలబడిపోయింది. వెనకాలే వస్తున్న ధర్మవరం నరసింహులు ఆమెను దాటిపోతూ చెయ్యి ఊపాడట. ఆ పేరు పెట్టింది కూడా అతనే.

మేము ఈశ్వరి షెడ్డు పైనున్న రెండు గదుల్లో అద్దెకుంటాం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. కింద రేసు కారు, దాని పక్కన పెట్రోలు డబ్బాలు, సరిగ్గా వాటి పైన మా ఉయ్యాల. ఇల్లు మారదామని నేను మావారితో అనని వారం లేదు. అయినా మారలేదు. పాప ఎంతకీ ఏడుపు ఆపకపోతే ఈశ్వరి కింద ఇంజను స్టార్టు చేసేది. ఆ గురగుర వినగానే పాప కళ్లు మూతపడేవి. అంతకంటే మంచి జోల నాకు రాదు.

ఈశ్వరిది కుందుర్పి దగ్గర పల్లె. నాయన కొండప్ప బోర్లలో మోటార్లు దించుతాడు, కాలిపోయినవి పైకి లాగుతాడు. వానలు తప్పిన ఏడాది ఊళ్లో అందరికీ పని తగ్గితే, నీళ్లు అడుగంటి మోటార్లు కాలిపోతుండడంతో ఆ ఇంట్లో పెరిగేది. శెనగచేను వాడిపోకముందే మోటారు లాగి, బాగుచేయించి, మళ్లీ దించాలి. ఈలోగా రైతు ఫోను మీద ఫోను చేస్తుంటాడు. ఒకసారి ఇనుప పైపు జారి కొండప్ప మోకాలు చితికింది. అప్పటి నుంచి పికప్పు బండి స్టీరింగు ఈశ్వరి చేతికి వచ్చింది. గుండ్రాళ్ల బాటల్లో, దున్నిన చేలల్లో, వెనక మోటారు బరువు వేసుకుని, ఆలస్యమైతే తిట్లు తింటూ తోలింది. మట్టిలో చక్రం జారితే ఎటు తిప్పాలో ఆమె చేతులకు అట్లా వచ్చింది. మట్టి రేసు మొదటిసారి చూసిన రోజు, ‘ఇదేముంది, మేము రోజూ చేసే పనేగా’ అనుకుందట.

అనంతపురం పాత ఇనుము దుకాణంలో ఒక జీపు కొని, పై భాగమంతా కోసి పారేసి, రేసు కారుగా మార్చుకుంది. దాని అసలు ట్యాంకు రాళ్లకు తగిలి చిల్లుపడింది. నీళ్ల ట్యాంకర్లు వెల్డింగు చేసే కుళ్లాయప్ప, సీటు వెనకాల ఇమిడేలా అల్యూమినియంతో కొత్త ట్యాంకు చేసి ఇచ్చాడు. ట్యాంకు బ్రహ్మాండంగా కుదిరింది కానీ లోపల పెట్రోలు ఎంతుందో చెప్పే మీటరు దానికి లేదు. స్పానరుతో తట్టి, వచ్చే చప్పుడును బట్టి ఈశ్వరి అంచనా వేసుకునేది. పోయిన ఏడాది ముంచింది ఆ చప్పుడే.

ఈ ఏడాది రేసు దగ్గర పడుతుండగా కొండప్ప తేల్చి చెప్పేశాడు.

“ఈ తూరి కూడా నడాన నిలబడిందనుకో, ఇంజను పీకి చెరకురసం మిషనుకు బిగిస్తా. ఊర్లో తలెత్తుకోలేకుండా ఉండా.”

“బిగించు నాయనా. రసం తీసేదాంట్లోనైనా ఫస్టు వస్తాది” అంది ఈశ్వరి. నవ్వుతూనే అంది కానీ ఆ తర్వాత చాలాసేపు బానెట్టు మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కొండప్ప అన్న మాట వెనక్కి తీసుకోడని ఆమెకు తెలుసు.

“నిండా పోసుకుంటే గొడవుండదు కదా?” అని అడిగాను.

“నిండా పోస్తే బరువుకు మలుపులో తోక ఇసిరేస్తాది మేడం. తక్కువ పోస్తే నిలబడిపోతాది. లోపల ఎంతుండాదో తెలిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా.”

మొదట మామూలు కార్లలో ఉండే రకం మీటరే తెచ్చి బిగించారు. ట్యాంకులో ఒక ఊచ చివర బెండు తేలుతుంటే, దాన్ని బట్టి ముందు డాష్‌బోర్డు మీద ముల్లు కదలాలి. ఈశ్వరి ఊరి బయట నాలుగు చుట్లు కొట్టి వచ్చింది.

“ఒక మలుపులో నిండుగా ఉండాదంటాది, ఇంకో మలుపులో ఖాళీ అంటాది. మా పెద్దమ్మ మాదిరి మాట మీద నిలబడదు” అంది హెల్మెట్ తీస్తూ.

కారు తిరిగినప్పుడల్లా లోపల పెట్రోలు ఒక పక్కకు ఎగిరిపడుతోంది. బెండు దానితోపాటే ఊగుతోంది. ట్యాంకులో అడ్డంగా పలకలు పెట్టించవచ్చేమోనని నేను అంటుండగా, మూలన మంచం మీద కూర్చున్న కొండప్ప మోకాలు పట్టుకుని లేచాడు.

“కేసింగు దించండప్పా” అన్నాడు.

కుళ్లాయప్ప అతని వైపు అదోలా చూశాడు. “యాడ, పెట్రోలు ట్యాంకులోనా?”

“బోరుకు పైపు ఎందుకు దించుతాము? బయట మట్టి కూలినా, లోపల నీళ్లు నిదానంగా ఉండాలని. దీనికీ అంతే. పైపు నిలబెట్టి, అడుగున సన్న బెజ్జాలు కొట్టు. ఆ పైపులో బెండు పెట్టు. అది ఎట్ల ఎగురుతాదో నేనూ చూస్తా.”

ఆలోచిస్తే మంచి ఉపాయమే. పెట్రోలు ఎంత ఎగిరిపడినా సన్నటి బెజ్జాల్లోంచి పైపులోకి రావడానికీ పోవడానికీ దానికి సమయం పడుతుంది. ఈలోగా కారు మలుపు దాటేస్తుంది. ఈశ్వరి జనరేటరు ట్యాంకులో వాడే ఫ్లోటు బెండు ఒకటి తెచ్చింది. అది నిటారు కడ్డీ మీద పైకీ కిందికీ జారుతుంది. కుళ్లాయప్ప దాని చుట్టూ అల్యూమినియం పైపు పెట్టి, పై చివరను గుండ్రటి మూతకు అతికించాడు. మూతను ట్యాంకు పైన బోల్టులతో బిగించాలి. మధ్యలో పెట్రోలుకు ఉబ్బని రబ్బరు వేశారు. ట్యాంకు నుంచి ఛాసిస్‌కు నిప్పురవ్వ పుట్టకుండా ఎర్తు వైరు వేసేదాకా నేను కదలలేదు.

ఆ ఆదివారం ఉదయం కారును షెడ్డు బయటికి తోసి పెట్రోలు పోయడం మొదలుపెట్టారు. నేను పాపను ఎత్తుకుని దూరంగా గేటు దగ్గర నిలబడ్డాను. ఒక డబ్బా పోశారు. ముల్లు కదల్లేదు. రెండోది పోశారు. కదల్లేదు. ఐదో డబ్బా అయ్యాక కూడా ముల్లు ఖాళీ దగ్గరే పడుకుని ఉంది.

“మీటరు సచ్చింది” అన్నాడు కుళ్లాయప్ప.

“నీ వెల్డింగులో వైరు నలిగిందేమో చూడన్నా” అంది ఈశ్వరి.

మీటరు మార్చారు. వైర్లు పీకి మళ్లీ కలిపారు. ముల్లు కదలనే లేదు. కొండప్ప జేబులోంచి దారపు ఉండ తీశాడు. దాని చివర ఇత్తడి నట్టు కట్టి ఉంటుంది. బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసేది అతను దానితోనే. ఇక్కడ కూడా దాన్ని ట్యాంకు మూతిలోంచి దించి, పైకి లాగి, తడిసినంత మేర వేళ్లతో పట్టుకుని చూపించాడు. సగం పైమాటే.

“పెట్రోలు ఉండాది. మీ ముల్లుకే కండ్లు లేవు” అని మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. చెరకురసం మిషను సంగతి ఎత్తలేదు. ఎత్తితేనే బాగుండేదేమో, ఈశ్వరి ముఖం అంతగా వాడిపోయింది.

ఇక్కడ పాప పాలసీసా పట్టుకుని పేచీ మొదలుపెట్టింది. లాగుతోంది, పాలు రావడం లేదు. సీసా రబ్బరు పీక లోపలికి అణిగిపోయింది. పొద్దున హడావిడిలో మూత మరీ గట్టిగా బిగించినట్టున్నాను. కాస్త వదులు చేయగానే గాలి లోపలికి పోయి బుడగలు లేచాయి. పాప గటగటా తాగింది. ఆ బుడగలు చూస్తూ నేను గేటు దగ్గర నుంచి కారు దాకా నడిచాను.

“కొండప్ప గారూ, మీ బోరు కేసింగుకు పైన మూత ఉంటుందా?”

“మూత యాడిదమ్మా. నోరు తెరుచుకొనే ఉంటాది.”

“మరి దీనికి?”

ముందు అర్థమైంది ఈశ్వరికి. నవ్వుతూ మట్టిలోనే కూలబడింది. బోరు పైపు ఆకాశానికి తెరిచి ఉంటుంది, కాబట్టి నీళ్లు పైకి రాగలవు. ఈ పైపు పై చివరను కుళ్లాయప్ప చుక్క గాలి పోకుండా మూసేశాడు. అడుగు బెజ్జాలు పెట్రోలులో మునగగానే లోపలి గాలి బయటికి పోయే దారి లేక ఇరుక్కుపోయింది. అది ఉన్నంతసేపూ పెట్రోలు లోపలికి రాదు. బెండు తేలదు.

“నా వెల్డింగు అంత గట్టిది మరి” అన్నాడు కుళ్లాయప్ప.

పైపు పైభాగంలో ఒక్క బెజ్జం కొడితే చాలు. దాన్ని బయటికి తీసి, ట్యాంకుకు వేరే మూత బిగించి, పైపును వీధి అవతలికి తీసుకుపోయి, తుడిచి గాలికి బాగా ఆరాక మాత్రమే డ్రిల్లు తగిలించాలని పట్టుబట్టాను.

“ఈ మేడం ఉంటే బీడీ కూడా ముట్టించనీదు” అని గొణిగాడు కుళ్లాయప్ప. అయినా చెప్పినట్టే చేశాడు.

పైపు మళ్లీ దించారు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ముల్లు నిద్రలేచినట్టు కదిలి, నెమ్మదిగా పైకి ఎక్కి, సగం దాటి ఆగింది. ఈశ్వరి నా భుజం పట్టుకుంది. వేళ్లు చాలాసేపు వదలలేదు.

ట్యాంకు నిండా పోసి, ఇంజనుకు పోయే పైపులోంచే ఒక్కో డబ్బా బయటికి తీస్తూ, ముల్లు ఆగిన చోటల్లా నా గోళ్లరంగుతో మీటరు అద్దం మీద గీతలు పెట్టాం. ఈశ్వరి పైనుంచి కిందికి అంకెలు వేసింది. మొదటి గీత ఒకటి, చివరిది ఏడు.

“ఎంత మిగిలిందో కదా రాయాలి?” అన్నాను.

“మా పక్క బోరులో నీళ్లు ఎన్నున్నాయని ఎవురూ అడగరు మేడం. ఎంత లోతుకు పోయినాయని అడుగుతారు. నా కండ్లకు అట్లయితేనే ఆనుతాది.”

ఏడో గీత కింద ఇంకో డబ్బా ఉంటుంది. ఊరి బయట తోలి చూసుకుంటే ఒక్కో డబ్బాకు ఐదు చుట్లు వస్తున్నాయి. ముల్లు ఏ మలుపులోనూ ఊగలేదు.

రేసు రోజు బత్తలపల్లె అవతల దుమ్ము మేఘంలా లేచింది. ముప్పై చుట్లు తిరగాలి. ఎప్పుడైనా ఆగి పెట్రోలు పోసుకోవచ్చు, కానీ ఆగినంతసేపూ వెనకబడతారు. ఈశ్వరి ట్యాంకులో రెండో గీత దాకా మాత్రమే పోయించింది. ఆరు డబ్బాలు, ముప్పై చుట్లకు సరిపడా, అంతే. నేను పాప చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి భుజాన వేసుకున్నాను. మూడో చుట్టుకే నిద్రపోయింది.

సగం రేసు అయ్యేసరికి ఈశ్వరి రెండో స్థానంలో ఉంది. ముందున్నది నరసింహులు. ఇరవయ్యో చుట్టు తర్వాత అతను పెట్రోలు పోసుకోవడానికి పక్కకు దిగాడు. ఈశ్వరి ముందుకు వచ్చేసింది. జనం ఆమె ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నారు. నరసింహులు మళ్లీ బయలుదేరి, బండి బరువెక్కినా, చుట్టు చుట్టుకూ దగ్గర పడుతున్నాడు.

ఐదు చుట్లు మిగిలాయి. కొండప్ప లెక్క మరిచిపోయాడో, పోయిన ఏడాది కళ్ల ముందు మెదిలిందో, తాడు దాటి ముందుకు పోయి ఎర్ర తువ్వాలు ఊపడం మొదలుపెట్టాడు.

“రా పాపా, వచ్చి పోసుకో. నిలబడిపోతాదే.”

అతను తిట్టడం విన్నాను కానీ బతిమాలడం అదే మొదటిసారి. దుమ్ము బెజ్జాల్లో చేరి ఉంటుందా, రేసు వేగానికి ఎక్కువ తాగుతుందా అని నేనూ వేళ్ల మీద లెక్క మళ్లీ వేశాను. ఈశ్వరి మా ముందు నుంచే పోయింది. తల తిప్పలేదు.

ఆ సమయంలో ముల్లు సరిగ్గా ఏడో గీత మీద ఉందని తర్వాత చెప్పింది. “నాయన తువ్వాలు కనపడింది మేడం. కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. ఆ మలుపులో ముల్లును చూసినా. రవ్వంత కూడా ఊగలేదు. నిలకడగా ఉండేదాన్ని నమ్మకపోతే ఇంకేం నమ్మాల అనుకున్యా.”

నాలుగు చుట్లు. మూడు. నరసింహులు ఆమె వెనక దుమ్ములో కనిపిస్తూ మాయమవుతూ ఉన్నాడు. కిందటేడు ఆమె నిలబడిపోయిన మలుపు దగ్గర జనం లేచి నిలబడ్డారు. ఇంజను శబ్దం ఎక్కడా తెగలేదు. ఆఖరి చుట్టులో ఆమె ఆ మలుపును కారు తోకతో ఊడ్చినట్టు తిప్పి, నేరుగా వచ్చి, అందరికంటే ముందు తెల్లగీత దాటింది.

కొండప్ప తువ్వాలు మెడలో వేసుకుని కారు వైపు కుంటుతూ పరిగెత్తాడు. ఇంజను చల్లారేదాకా ఆగమని నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆగాడు, గొణుక్కుంటూ. తర్వాత మూత తీసి ఇత్తడి నట్టు లోపలికి దించాడు. పైకి లాగి చూశాడు. దారం చివర బొటనవేలంత మేర తడిసింది. ముల్లు కూడా ఖాళీకి అంతే పైన ఉంది.

అప్పుడే నరసింహులు హెల్మెట్ చంకన పెట్టుకుని అటుగా వచ్చాడు.

“రాప్పా నరసింహులూ” అని పిలిచాడు కొండప్ప. “ఎండుబోరు అంటివి గదా. రా, చూసి పో.”

నరసింహులు ఆ దారం వాసన చూశాడు. డాష్‌బోర్డులోకి వంగి, గోళ్లరంగు గీతలను కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చదివాడు.

“బోరు పడిందిలేన్నా” అన్నాడు. “ఈ పైపు ఎవురు చేసినారు? నాకూ ఒకటి కావాల.”

“నా వెల్డింగే” అన్నాడు కుళ్లాయప్ప. “గాలికి బెజ్జం మాత్రం మేడం కొట్టిస్తాది.”

ఈశ్వరి సీటులోంచి లేవకుండానే నాయన వైపు చూసింది. “చెరకురసం మిషను?”

“దానికి వేరే ఇంజను చూసుకుందాంలే” అని దారం ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు కొండప్ప.

మైదానంలో చప్పుడు ఆగిపోవడంతో నా భుజం మీద పాప ఉలిక్కిపడి లేచింది. మూతి వంకర పెట్టి ఏడుపు అందుకుంది. నేను ఎంత ఊపినా ఊరుకోలేదు.

ఈశ్వరి తాళం తిప్పింది. ఇంజను గురగురమంది.

“పడుకోబెట్టుకోండి మేడం” అంది ముల్లు వైపు ఒకసారి చూసి. “ఇంకా ఉండాది.”