ఊటకు వేసిన సున్నం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, మార్చిలో, నన్ను గోదావరిఖని దగ్గరి ఒక ఓపెన్‌కాస్టు గనికి, పర్యావరణ విభాగంలో సర్వే ఆఫీసరుగా వేశారు. సర్వే గొలుసు పట్టే పనిలో చేరి లెవెళ్లూ లెక్కలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అందుకని కొలిచే పనులన్నీ నాకే వచ్చేవి.

అక్కడ కొలవాల్సింది ఒక ఊట. బొగ్గు మీదినుంచి తీసిన మట్టిని పోసే దిబ్బను మేం డంపు అంటాం. దాన్ని పొడిగించాలనుకున్న హద్దులో, రాళ్ల మధ్య, నిమిషానికి నాలుగు లీటర్లు పారే ధార అది. ఎండాకాలంలోనూ ఆగదు. కాలేజీ లెక్చరర్ ఒకరు అక్కడ అరుదైన సన్న తూనీగను గుర్తించారు. దాని పిల్లలు ఆ నీళ్లలోనే, రాళ్ల అడుగున పెరుగుతాయి. చుట్టుపక్కల వాగులన్నీ వెతికినా ఆయనకు మరెక్కడా కనబడలేదు.

పంపు ఆపరేటర్ ఖాజా తూనీగను విమానంతో పోల్చి నవ్వాడు. "గీ గాలిమోటరు కోసం డంపు జరుపుతరా సార్? నా మోటరు కాలితే మాత్రం ఒక్కడు రాడు." అయినా రోజూ డ్యూటీ దిగి అటే వచ్చి, "ఉన్నయి సార్, ఎగురుతున్నయి" అని చెప్పిపోయేవాడు.

పరిశీలనకు కమిటీ రావాలి. తూనీగ కనబడితే డంపు హద్దు జరుగుతుంది, లేకపోతే లేదు. ఊటను ఉన్నది ఉన్నట్టు ఉంచాలని అన్ని సెక్షన్లకూ నోట్ పంపి, నేను హెడ్డాఫీసు మీటింగుకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఊట తెల్లగా మెరుస్తోంది. గడ్డి పీకేశారు. ధార అంచున ప్రతి రాయికీ సున్నం వేశారు. పెద్దవాళ్లు వస్తున్నారంటే మా గనుల్లో మొదట జరిగే పని అదే. బకెట్లు కూడా ధారలోనే కడిగారు.

ఇదేమిటని సివిల్ మేస్త్రి మల్లయ్యను అడిగాను.

"ఒక్క రాయి కదపలే సార్. ఉన్నయి ఉన్నట్టే ఉన్నయి. సున్నం ఏసినం, గంతే. విజిట్ అంటిరి గద, మీ పురుగుల జాగ జర నీటుగ కనబడొద్దా?"

అతను మంచికే చేశాడు. నీటి మీద తూనీగ పిల్లలు తేలుతున్నాయి. ఖాజా వంగి చూశాడు. "ఖతం సార్" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మర్నాడు కమిటీ గంటసేపు చూసింది. ఒక్క తూనీగా కనబడలేదు. సున్నం సంగతి చెప్పాను, రాసుకున్నారు. పరిశీలన రోజున పురుగు లేదన్నదే నిర్ణయానికి ఆధారమైంది. పరిసరాల శుభ్రత బాగుందని కూడా రాశారు. వానలకు ముందే డంపర్లు అక్కడ మట్టి పోశాయి.

గనిలో ప్రతి పనికీ వర్క్ ఆర్డరు ఉంటుంది. ఏమీ చేయకుండా ఉండడానికి మాత్రం ఆర్డరు ఉండదు. మిగిలిన సర్వీసులో నేను "ఉన్నది ఉన్నట్టు" అని మళ్లీ రాయలేదు. గడ్డి పీకవద్దు, బకెట్ ముంచవద్దు, సున్నం వేయవద్దు అని ఒక్కొక్కటీ విడిగా రాసేవాణ్ణి.