అమ్మ బొట్టు పెట్టిన బొగ్గు క్రేన్

మా చిన్నప్పుడు... వికారాబాద్ స్టేషన్ పక్కన ఇంజన్ల షెడ్డుకు బొగ్గు వాగన్లు వచ్చేవి. పొగబండ్ల కాలం కదా... ఇంజన్ కడుపు నిండాలంటే ముందు మా అమ్మ తల మీద తట్ట నిండాలి.

ఆ పనిలో ఆడవాళ్లు ఇద్దరిద్దరు జోడి కట్టేవాళ్లు. ఒకరు వాగన్లో నిలబడి పారతో తట్ట నింపి ఎత్తాలి, ఇంకొకరు మోసుకెళ్లి కుప్ప పోయాలి. మధ్యాహ్నం రొట్టె తిన్నాక మారాలి. నిండు బొగ్గు తట్టను ఎంత గట్టి మనిషైనా తనంతట తాను తలకెత్తుకోలేదు. రెండో మనిషి చెయ్యి పడాల్సిందే.

అమ్మ జోడి బసమ్మ పెద్దమ్మ. తాండూరు అవతల కన్నడం మాట్లాడే ఊరు ఆమెది. మొగుడు లేడు, పిల్లలు లేరు... మా గోడకు ఆనుకునే ఆమె గుడిసె. సాయంత్రం ఇద్దరూ పళ్లు తప్ప ఏమీ కనబడకుండా నల్లగా వచ్చేవాళ్లు. మా తమ్ముడు అమ్మ అనుకుని పెద్దమ్మ కాళ్లకు చుట్టుకుంటే, ఆమె వాణ్ని అట్లాగే ఎత్తుకుని ఇల్లంతా మసి చేసేది. ఆ తమ్ముడు పుట్టిన ఏడాదే నాన్న పోయాడు. ముగ్గురు పిల్లలం ఆ ఒక్క తట్ట మీదే బతికాం.

ఒక ఏడు బతుకమ్మ రోజుల్లో షెడ్డుకు క్రేన్ వచ్చింది. పొడుగాటి ఇనుప చెయ్యి, దాని కొసన రెండు దవడలు. వాగన్లోకి దిగి నోటినిండా బొగ్గు కరుచుకుని పైకి లేస్తుంటే మేమంతా కంచె పట్టుకుని కేకలు పెట్టేవాళ్లం. అంత సంబరం మాకు!

“ఇంక మన నెత్తులు సల్లగుంటయి లచ్చిమీ! బరువంత గదే ఎత్తుతది. మనం జర ఊడ్సుడే,” అంది పెద్దమ్మ.

అమ్మ కూడా నమ్మింది. దసరాకు ఎప్పుడూ పారలకు, తట్టలకు పూజ చేసేవాళ్లు. ఆ ఏడు ఆడవాళ్లంతా కలిసి క్రేన్‌ను కడిగారు. బంతిపూల దండ కట్టారు. దవడ ఎత్తుగా ఉందని పెద్దమ్మ రెండు చేతులూ జోడించి మెట్టులా పట్టింది. అమ్మ దాని మీద కాలు మోపి పైకి లేచి, ఆ ఇనుప నోటికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే... కాకపోతే అది కొరివని వాళ్లకు తెలియదు.

పండగ వెళ్లిన నాలుగో రోజు మేస్త్రీ అందరినీ గేటు దగ్గరే ఆపాడు.

“దాని నోటికి వాగన్ మూలలు అందవు. మూలలు ఊడ్వనీకి ఇద్దరు సాలన్నరు. ఒకామెను పైవోళ్లే పెట్టిండ్రు. ఇంకొక జాగ ఉన్నది. మీరిద్దరు పాతోళ్లు... మీలో ఎవరొస్తరో మీరే తేల్సుకోండ్రి,” అన్నాడు అమ్మతో, పెద్దమ్మతో. ఆయన తల ఎత్తలేదు పాపం.

ఆ సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద కూర్చున్నారు. ముందుగా పెద్దమ్మే అంది...

“పిల్లలున్నదానివి నువ్వు. నువ్వే పో.”

“మరి నువ్వక్కా?”

“ఇర్లి బిడు,” అంది. పోనీలే అనడానికి ఎప్పుడూ ఆ కన్నడం మాటే వాడేది. “తాండూరు రాతి గనులల్ల పని దొరుకుతదంట. నా ఒక్క పానానికి ఫికరేంది?”

అమ్మ వద్దనాలని నోరు తెరిచింది. గుమ్మంలో ఉన్న మా ముగ్గురినీ చూసింది. మూసుకుంది.

నేను అప్పుడు మనసులో ఏమనుకున్నానో చెబుతాను. ‘అమ్మా, సరేనను... తొందరగా సరేనను’ అనుకున్నాను. పెద్దమ్మ చేత్తో ఎన్ని రొట్టెలు తిన్నానో నాకు తెలుసు. అయినా అదే అనుకున్నాను.

పొద్దున పెద్దమ్మ తన తట్టను మా ఇంట్లో పెట్టి, అమ్మ నెత్తిన తట్ట కింద పెట్టుకునే చుట్టబట్ట తానే సర్ది, తాండూరు బండి ఎక్కింది.

ఆ తర్వాత అమ్మ మూలలు ఊడ్చి, ఆ బొగ్గును తట్టలో మోసేది. ఆ రెండో ఆమెది వేరే వాగన్. ఎత్తడానికి పక్కన చెయ్యి లేదు. మనిషి ఒక్కతే ఎత్తుకోగలిగింది సగం తట్టే... అందుకని అమ్మ ఎప్పుడూ సగమే నింపుకునేది.

ఒకసారి వీలు చూసుకుని నన్ను వెంటబెట్టుకుని తాండూరు వెళ్లింది. గని గని తిరిగి అడిగాం. అట్లాంటి మనిషి కొన్నాళ్లు చేసిందన్నారు, ఎటు పోయిందో తెలియదన్నారు. తిరుగు బండిలో నాకు ఏడుపొచ్చినా ఏడిస్తే తప్పు బయటపడుతుందని బిగబట్టుకున్నాను.

మరుసటి దసరాకు అమ్మ క్రేన్ వైపు వెళ్లలేదు. ఇంట్లోనే రెండు తట్టలకు బొట్టు పెట్టింది.

ఇప్పుడు పొగబండ్లు లేవు. షెడ్డూ లేదు. అందరి పని మింగిన ఆ క్రేన్‌ను కూడా తుక్కు కింద కోసి తీసుకుపోయారట. దాని మీద కోపం తెచ్చుకుందామన్నా అది లేదు...

అమ్మ పోయేదాకా నీళ్ల బిందె ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగి పక్కకు చూసేది. నేను పరిగెత్తుకెళ్లి చెయ్యి వేసేదాన్ని. కానీ ఆ సాయంత్రం గుమ్మంలో నేను కోరుకున్న సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను.

మీ అమ్మ బరువుకు చెయ్యి వేసిన మనిషి ఎవరైనా ఉంటే, వాళ్ల పేరు ఇక్కడ రాయండి... ఇంకెక్కడా రాసి ఉండదు.

మా పెద్దమ్మ పేరు బసమ్మ.