నేను పీకిన వైరు

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు భయం తక్కువ, మాట ఎక్కువ. అత్తిలి నుంచి రోజూ బస్సులో తాడేపల్లిగూడెం వచ్చి, ఓ పెద్ద పరిశోధన సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేసేదాన్ని. శాస్త్రవేత్తలు ఎవరి సమాచారం వాళ్ల కంప్యూటర్లలోనే దాచుకునేవారు. ఒకటి పాడైతే ఏళ్ల శ్రమ గల్లంతు. అందరివీ ఒకేచోట భద్రంగా ఉండేలా ఉమ్మడి నిల్వ తయారు చేయమని నాకూ, మా సీనియర్ అక్కకీ అప్పగించారు. ప్రతి ఫైలుకీ మూడు కాపీలు: రెండు గూడెంలోనే రెండు సర్వర్లలో, మూడోది ఏలూరు ఆఫీసులో. ఆ మూడోదాని కోసం పట్టుబట్టింది నేనే. (అక్క దానికి ‘ఏలూరు పిచ్చి’ అని పేరు పెట్టింది.)

అంతా సిద్ధమయ్యాక ఒక్కరూ ఫైళ్లివ్వలేదు. ఆయనిస్తే తామూ ఇద్దామని అందరి చూపూ కొల్లేరు మాస్టారి మీదే. ఆయన చేపల శాస్త్రవేత్త. కొల్లేటికోట చుట్టూ ఇరవై ఏళ్లు పడవలో తిరిగి నీళ్లనీ చేపల్నీ పరీక్షించిన మనిషి. మీటింగులో, ఒక సర్వర్ ఆగిపోయినా ఏ ఫైలూ పోదని అరగంట ఊదరగొట్టాను. ఆయన ఓపిగ్గా విని, తన ఫైలొకటి అందులో పెట్టించి, “అయితే ఒకటి ఆపి చూపించండమ్మా” అన్నారు.

అందరం సర్వర్ల గదికి వెళ్లాం. నేను ధీమాగా వంగి వైరు పీకాను. రెండు సర్వర్లూ ఒకేసారి మూగబోయాయి. (నేను పీకింది రెండింటికీ కరెంటిచ్చే వైరు.) అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. అత్తిలికి తర్వాతి బస్సు ఎన్నింటికో గుర్తుచేసుకున్నాను. మాస్టారు తాపీగా తన ల్యాప్‌టాప్‌లో ఫైలు నొక్కారు. తెర మీద చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది... ఫైలు తెరుచుకుంది. ఏలూరు నుంచి!

“రెండూ ఆగినట్టున్నాయి కదమ్మా?” అన్నారాయన.

“ఒకటైతే ఎవరైనా ఆపి చూపిస్తారండీ” అన్నాను.

ఆయన నేనింకా పట్టుకునే ఉన్న వైరుకేసి చూసి, “ముందు కాసిని మంచినీళ్లు తాగండి” అన్నారు మెల్లగా. ఆ సాయంత్రమే ఇరవై ఏళ్ల ఫైళ్లూ ఇచ్చేశారు. వారం తిరక్కుండా వరి వాళ్లు, నేలల వాళ్లు, పక్షుల వాళ్లు మా గది ముందు వరస కట్టారు. అక్క అందరికీ కాజాలు పంచి, ఏలూరు ఆలోచన మనిద్దరిదీ అని చెప్పుకుంది. నేను కాదనలేదు.

ఇప్పుడా విభాగానికి నేనే పెద్దని. ఏ సర్వర్ ఆపాలన్నా నాలుగు సంతకాలు కావాలి. ఆ నియమం పెట్టిందీ నేనే. అప్పటి అత్తిలి పిల్ల ఇవాళ అనుమతి కోసం వస్తే, నేను సంతకం పెట్టను. అది తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కాస్త బెంగ కూడానూ.