రెండు పొగల మధ్య ఎడం

మొన్న మా వీధి చివర ఎవరో పచ్చి సరుగుడు కొమ్మలు కాలిస్తే, ఆ ఘాటు పొగ కిటికీలోంచి వచ్చి గొంతులో పడగానే, ఈ వయసులో కూడా నా అరచేతులు భయంతో చెమర్చాయి.

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున మా పల్లె. నేను బడికి పోలేదు. అమ్మ వేలు పట్టి ఇసుకలో దిద్దించిన అక్షరాలే నా చదువు, అదీ ఆ తల్లి పుణ్యమే. కార్తీకంలో తడిసిన ఇసుక వాసన, నాగుల చవితికి దంచిన చిమ్మిలి తీపి, ఎండలో ఆరేసిన వలల నీచు, వీటన్నిటి వెనకా ఒకటే దిగులు: తెప్ప మీద పోయిన నాయన తిరిగొస్తాడా అని. ఒడ్డు నుంచి ఆయనకు కబురు చెప్పే దారి పొగ ఒక్కటే. ఒడ్డునున్న ఇసుక దిబ్బ మీద ఒక పొగ లేస్తే, చేపలు కొనేవాళ్లు వచ్చారు, వల నిండేదాకా ఆగి రమ్మని. పక్కపక్కన రెండు లేస్తే, ఉన్నపళాన వెనక్కి రమ్మని.

నా చిన్నప్పుడు ఒక ఏడు, నాగుల చవితి మర్నాడు మధ్యాహ్నం పంచాయతీ గదిలోని రేడియో, గరగరల మధ్య, తుపాను వస్తోందని చెప్పింది. ఆడవాళ్లు దిబ్బకు పరిగెత్తి, ఎప్పుడూ పెట్టే చోటే రెండు మంటలు పెట్టి పచ్చి కొమ్మలు కప్పారు. గాలి లేస్తోంది. గంగమ్మకు మొక్కుకుంటూ నేను సముద్రం వైపే చూస్తున్నాను. చుక్కల్లా ఉన్న తెప్పలు వెనక్కి తిరగలేదు. ఇంకా లోపలికే పోతున్నాయి.

నాయన తల్లి, మా అవ్వ, నీళ్ల అంచుదాకా పోయి వెనక్కి తిరిగి దిబ్బను చూసింది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! గాలికి రెండు పొగలూ కొత్త మొగుడూ పెళ్లాల మాదిరి ఒకటైపోయినాయి గదే! ఆగి రమ్మని మనమే చెప్తా ఉండాం!"

"ఇప్పుడెట్ట అత్తా?" అని అడిగింది అమ్మ.

"ఎడంగా పెట్టాల. వాగవతల దిబ్బ మీద. అమ్మే, నువ్వు పిల్లదానివి, తేలికగా ఉండావు, బురదలో దిగబడవు. నిప్పు తీసుకోని పో!"

నిప్పుకుండను కడుపుకు హత్తుకుని వాగులో దిగాను. బురద మోకాళ్లదాకా పట్టి లాగుతోంది, చినుకులు మొదలయ్యాయి, ఒక్కో చినుకు కుండలో పడి చుయ్యిమన్నప్పుడల్లా నిప్పు కాదు, నాయనే ఆరిపోతున్నట్టు అనిపించి, తల్లీ తల్లీ అనుకుంటూ పాకాను. అవతల ఎండు తాటాకు అంటుకుంది. పచ్చి కొమ్మలు విరిచి కప్పాను. పొగ లేచింది, మా దిబ్బ మీది పొగకు అంత దూరాన, దేనితోనూ కలవకుండా.

తెప్పలు తిరిగాయి.

చీకటి పడకముందే ఒడ్డెక్కిన నాయన, నా బురద కాళ్లు చూసి, "కొనేవాళ్లొచ్చినారనుకోని ఇంకో వల ఎయ్యబోతా ఉన్నానమ్మే" అన్నాడు.

ఇప్పుడు ఆ దిబ్బ లేదు, రొయ్యల గుంటలొచ్చాయి. వాగు పూడిపోయింది. తుపాను కబురు నడిసముద్రంలోకే ఫోనులో పోతుంది. అది తప్పుగా పోకుండా చూసే పరిశోధనే, ఇంజనీరింగు ప్రొఫెసరైన నా కూతురిది. అదేమిటని అడిగితే కాగితం మీద రెండు చుక్కలు పెట్టింది.

"గాలిలో పంపే రెండు కబుర్లు దగ్గరగా ఉంటే రొద వాటిని కలిపేస్తుందమ్మా. ఎంత ఎడంగా పెట్టాలో లెక్క కట్టడమే నా పని."

నాకు లెక్క రాదు. ఆ రెండు చుక్కల మధ్య తెల్లటి చోటు మీద వేలు పెట్టాను. ఆనాటి వాగు బురద చల్లగా తగిలినట్టయింది. గంగమ్మ తల్లీ, అని చేతులు జోడించాను.