దరువు ఎవరిది, కుర్చీ ఎవరికి

మా ఇంట్లో కొత్తగా కొన్న ఫ్రిజ్ చప్పుడు చేయదు. దుకాణంవాడు అదే దాని గొప్పతనమని చెప్పి అమ్మాడు గానీ, అది నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి నేను రోజూ తలుపు తీసి పాలప్యాకెట్‌ను తాకి చూడాల్సి వస్తోంది. పాతది అలా కాదు, ఎప్పుడూ గురక పెడుతూనే ఉండేది. ఆ గురక ఆగిందంటే ఇంటిల్లిపాదీ వంటింట్లోకి పరుగెత్తేవాళ్లం. చప్పుడు చేసేవాటిని నమ్మడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆ గుణం వల్లే ఒకప్పుడు ఒక కుర్చీ చేతిదాకా వచ్చి పోయింది.

ఆ రోజుల్లో, అంటే నా డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా నా అడ్రసు వెతుక్కుంటున్న రోజుల్లో, మేం కొందరం ప్రతి ఆదివారం సాయంత్రం హన్మకొండలో ఒక బట్టల దుకాణం గోదాంలో కూడేవాళ్లం. దుకాణం వాళ్ల పెద్దబ్బాయిని మేమంతా గోదాం అన్న అనేవాళ్లం. ఎవరు ఏ ఆల్బం వింటున్నారో చెప్పడం, దాన్ని బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టి అందరికీ వినిపించడం, ఇదీ మా పని. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాలి, మధ్యలో ఫోన్ ముట్టొద్దు. (ఈ నియమం వల్ల కొన్ని ఆదివారాలు చాలా పొడుగ్గా ఉండేవి.) అందరం బట్టల మూటల మీద కూర్చునేవాళ్లం. గల్లాపెట్టె దగ్గర నుంచి రిటైరైన తిరుగుడు కుర్చీ ఒకటి ఉండేది. సీటు చిరిగి, ఒక చక్రం ఊడి, ఎడమపక్కకు ఒరిగేది. ఆ వారం ఎవరి ఆల్బం బాగుందని గోదాం అన్న తేలిస్తే, వచ్చే ఆదివారం కుర్చీ వాళ్లది.

ఆ కుర్చీలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. నాకు పెద్ద పట్టింపు లేదు. దాని గురించి స్నానం చేసేటప్పుడు, అన్నం తినేటప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మాత్రమే ఆలోచించేవాణ్ని.

కుర్చీలో ఎక్కువగా కూర్చునేది మిర్చి. వాళ్లది ఎనుమాములలో మిర్చి వ్యాపారం, అందుకని ఆ పేరు. మనిషి మాత్రం చల్లటివాడు. నేను ఆల్బం పెట్టేముందు దాని చరిత్ర, భూగోళం, పాడినాయన కష్టాలు వివరంగా చెప్పేవాణ్ని. నా ఉపన్యాసం అయ్యేసరికి ఒకరిద్దరు మూటల మీద ఒరిగేవాళ్లు. మిర్చి మాత్రం ఫోన్ తీసి, “వినుండ్రి” అనేవాడు. అంతే. ఆ ఒక్క మాటకే అందరూ ముందుకు వంగేవాళ్లు. వాడి ఆల్బమ్‌లు బాగుండేవని నేను ఒప్పుకోను. బాగుండేవి, అది వేరే సంగతి.

ఒక ఆదివారం గోదాంకు సున్నం వేస్తున్నారని మకాం మా ఇంటికి మారింది. సొంత గడ్డ కదా, ఈసారి కుర్చీ నాదేననుకున్నాను. అమ్మతో చెప్పి సకినాలు కూడా చేయించాను. ముందు నా ఆల్బం. పెట్టబోతుండగా కరెంటు పోయింది. స్పీకర్‌కు బ్యాటరీ ఉంది గనక ఆల్బం ఆగలేదు, ఫ్యాన్ ఆగింది. చెమటలు కక్కుతూ విన్నారు. “మంచిగుంది” అన్నాడు గోదాం అన్న, సకినం వైపు చూస్తూ.

తర్వాత మిర్చి వంతు. వాడు “వినుండ్రి” అనడం, కరెంటు రావడం ఒక్కసారే జరిగాయి. ఫ్యాన్ తిరిగింది, ముఖాలు విచ్చుకున్నాయి. వీడికి కరెంటు ఆఫీసులో కూడా మనుషులున్నారా అనుకున్నాను. ఏదో ఎడారి దేశపు ముసలాయన తీగల వాద్యం అది. ఆ తీగల వెనక ఎక్కడో మెత్తగా, ఆగకుండా ఒక దరువు. “ఆ దరువు వినుర్రి, గుండె కొట్టుకున్నట్టే కొడ్తాండు” అని గోదాం అన్న కళ్లు మూసుకున్నాడు. కుర్చీ ఎవరిదో చెప్పాల్సిన పని లేకపోయింది.

నాకు కడుపు మండింది. ఆ ఆల్బం వెంటనే వెతికి పట్టుకున్నాను, తప్పు దొరుకుతుందేమోనని. ధర్మసాగర్ కట్ట మీద కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. తీగలున్నాయి, దరువు లేదు. చెరువు గాలికి వినబడలేదేమో అనుకున్నాను. బస్సులో విన్నాను, లేదు. ఇంటికొచ్చి ఫోన్‌లోనే మామూలుగా పెడితే దరువు శుభ్రంగా ఉంది. మిర్చి దగ్గర ఏదో అసలుది ఉందనీ, నాకు దొరికింది నాసిరకమనీ, అది కూడా నీడపట్టున తప్ప పలకదనీ నిర్ధారణకు వచ్చాను. (నేను సైన్స్ విద్యార్థిని.)

ఇక ఆగలేక ఎనుమాములకు వెళ్లాను. బస్తాల మధ్య తుమ్ముతూ, కన్నీళ్లు కారుస్తూ, ఏ మాత్రం అసూయ కనబడకుండా ఆ దరువు సంగతి అడిగాను. మిర్చి ముఖం వాడిపోయింది.

“నీకు గూడ వస్తలేదా? నేను ఫోన్ గూడ మార్చి చూసిన. గోదాం అన్నేమో మల్ల పెట్టుమంటాండు. గదే ఫికరైతాంది రా.”

ఆ ఘాటులో కూడా నా ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మా ఇంట్లో వస్తోందని చెప్పి, బండి వెనక ఎక్కించుకుని తీసుకొచ్చాను. పెట్టాం. దరువు వచ్చింది. “మీ ఇంట్ల మస్తు వినవడ్తాంది రా” అన్నాడు వాడు, నావైపు మొదటిసారి గౌరవంగా చూస్తూ. మూడో పాట మధ్యలో దరువు టక్కున ఆగింది. తీగలు మోగుతూనే ఉన్నాయి. నేను చటుక్కున లేచి, కిటికీలోంచి వెనక్కి కేకేశాను:

“బాపూ, పోగు తెగిందా?”

“ఆ, కడ్తాన” అని బాపు గొంతు.

మిర్చి ఫోన్‌ను చూశాడు, కిటికీని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

మా పెరట్లో రేకుల షెడ్డు ఉంది. అందులో బాపు మరమగ్గం నడుస్తుంది. దాన్ని మేం సాంచె అంటాం. ఆదివారాలు సాంచాలు బంద్ ఉంటాయని దోస్తులకు తెలుసు గానీ, ఆ వారం తొందర పని ఉండి బాపు నడిపాడు, కరెంటు రాగానే. అంత చప్పుడు నాకెందుకు తెలియలేదంటారా? సాంచె ఇంట్లో పుట్టినవాళ్లకు సాంచె వినబడదు. ఆగితేనే వినబడుతుంది.

మర్నాడే గోదాం అన్న దగ్గర పంచాయితీ పెట్టాను. దరువు మా ఇంటిది గనక కుర్చీ నాకు రావాలన్నాను. మిర్చి వెంటనే ఒప్పేసుకున్నాడు, అది ఇంకా ఒళ్లు మండించింది. గోదాం అన్న, “సాంచె నడిపింది నువ్వా, మీ బాపా?” అన్నాడు. ఈ వాదన ఎటు పోతుందో నాకు అర్థమైంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

ఆ ఆదివారం బాపును పిలిపించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. కుర్చీ ఎడమపక్కకు ఒరిగితే, ఆయన కుడిపక్కకు ఒరిగి సరిచేసుకున్నాడు. ఆల్బం మొత్తం, దరువు లేకుండా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని విన్నాడు. నేను మూట మీద కూర్చుని, కన్నతండ్రి మీద కూడా అసూయ పడవచ్చని ఆరోజు తెలుసుకున్నాను.

ఇప్పుడు సుబేదారిలో, ఆఫీసులో నాకూ తిరుగుడు కుర్చీ ఉంది. అన్ని చక్రాలూ ఉన్నాయి. ఎటూ ఒరగదు. అందులో కూర్చున్నప్పుడల్లా, ఆ చిరిగిన సీటు కోసం మిర్చి బస్తాల మధ్య తుమ్మిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికి నా కుర్చీ ఇస్తానన్నా తీసుకోడు.

బాపు కుర్చీలో కూర్చున్న ఆరోజు, ఆల్బం అయిపోయాక, ఇంత చప్పుడు ఇంటివాడికి ఎట్లా తెలియలేదని ఎవరో అడిగారు. పోయిన పరువు కాస్తయినా తిరిగి తెచ్చుకుందామని లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చాను: సాంచె ఇంటి పిల్లల చెవులు వేరు, ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి వింటాం గనక ఆ చప్పుడు మాకు చప్పుడే కాదు, పక్కనే నడుస్తున్నా నాకు ఏనాడూ వినబడలేదు అని. ఇంటర్‌లో నాకు మార్కులు తక్కువ వచ్చినప్పుడు సాంచె చప్పుడుకు చదువు సాగలేదని ఇంట్లో అందరం ఏకాభిప్రాయానికి వచ్చిన సంగతి (ఆ అభిప్రాయం మొదట నాదే) ఆ క్షణంలో నాకు గుర్తులేదు. బాపు కుర్చీలోనే మెల్లగా నావైపు తిరిగాడు.

“మరి ఇంటర్ల మార్కులెందుకు తక్కువొచ్చినయ్ రా?”