గడ్డం మీద వేళ్ళ గుర్తులు

ఆ సాయంత్రం పెరుగన్నం మెత్తగా చిదిపి చెంచాతో నోటి దగ్గర పెట్టగానే మావారు ఎడమచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను చూసి జంకడం అదే మొదటిసారి. చెంచా పక్కన పెట్టి దగ్గరగా చూశాను. గడ్డానికి ఒకవైపు గుండ్రంగా ఒక నల్లటి కమిలిన మచ్చ, రెండోవైపు వరసగా మూడు. కింది పెదవి లోపల తెగి ఉంది.

అప్పటికి స్ట్రోక్ వచ్చి రెండు నెలలు. బ్రిడ్జిలు డిజైన్ చేసి రిటైరైన మనిషికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. అఫేజియా అన్నారు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది గానీ జవాబివ్వడానికి మాట రాదు. ఇంగ్లీషు మొత్తం పోయింది. తెలుగులో "సరే", "వద్దు" మిగిలాయి. మింగడం కూడా కష్టంగా ఉండటంతో ఇక్కడ అమెరికాలో, షాంటిలీలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక రీహాబ్ సెంటర్‌లో చేర్చాను.

నర్స్ మేనేజర్‌ని పిలిచి మచ్చలు చూపించాను. "రక్తం పల్చబడే మందు, బ్లడ్ థిన్నర్ మీద ఉన్నారు కదా మేడమ్, కాస్త తగిలినా కమిలిపోతుంది" అంది.

"మరి పెదవి?"

"ఆయన పళ్ళే తగిలుంటాయి." అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి నా స్నేహితురాలు అనసూయకి ఫోన్ చేశాను. "రిపోర్ట్ చేస్తానని మాత్రం అనకు వదినా. నువ్వు ఇంటికొచ్చేశాక ఆ కోపమంతా అన్నయ్యగారి మీద తీర్చుకుంటారు" అంది. నా మంచి కోరే చెప్పింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. కొడతారేమోనన్న భయంతో, కొడుతున్నారని చెప్పకూడదన్నమాట.

మర్నాడు మామూలుగా వెళ్ళే వేళకి కాకుండా లంచ్ టైముకి వెళ్ళాను. డైనింగ్ రూమ్‌లో ఒక మూల బల్ల దగ్గర మావారు, ఇద్దరు అమెరికన్ ముసలావిడలు. ముగ్గురికీ మాట రాదు. ముగ్గురికీ తినిపించడానికి ఆయాలాంటి ఎయిడ్ ఒకే ఒక్కతి. ఆ అమ్మాయి ఒక చేత్తో మావారి దవడ బిగించి పట్టుకుని, మొదటిది మింగకముందే రెండో చెంచా నోట్లోకి తోస్తోంది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"వదులు ఆయన్ని" అని అరిచాను. గది మొత్తం నావైపు చూసింది. అరిచింది నేను కాబట్టి, తప్పు నాదే అన్నట్టు చూశారు.

ఆ సాయంత్రానికే జ్వరం, ఆయాసం. అంబులెన్స్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే చూసిన డాక్టర్, "ఆస్పిరేషన్ నిమోనియా. తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది" అంది. తర్వాత ఆయన గడ్డం వైపు చాలాసేపు చూసింది. "బ్లడ్ థిన్నర్ వల్ల కమలచ్చు. కానీ వేళ్ళ ఆకారం దానివల్ల రాదు. పెద్దవాళ్ళని ఎవరైనా హింసిస్తే విచారించే అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌కి నేను రిపోర్ట్ చేస్తున్నాను. మీరు చూసింది మీరూ చెప్పండి."

"నేను ఫోటో కూడా తియ్యలేదు డాక్టర్."

"రుజువులు వెతకడం వాళ్ళ పని. మీకు అనుమానం ఉంటే చాలు."

వరండాలో నిలబడి వాళ్ళకి ఫోన్ చేశాను. ఆయన ఆక్సిజన్ లేకుండా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాక విచారణకి కౌంటీ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. నన్ను మాట్లాడొద్దంది. ఆవిడ ప్రశ్నని ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ తెలుగులో అడిగాడు: "అక్కడ మీకు అన్నం ఎలా పెట్టేవాళ్ళు సార్?"

మావారు ఎడమచేత్తో తన దవడ తానే గట్టిగా పట్టుకున్నారు. తర్వాత అదే చెయ్యి పిడికిలి బిగించి నోటికేసి రెండుసార్లు పొడుచుకున్నారు. "వద్దు, వద్దు" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆ చెంచా పట్టిన చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

కొన్ని వారాలు ఫీడింగ్ ట్యూబ్. సరిగ్గా మింగగలరో లేదో చూసే స్వాలో స్టడీ మొదటిసారి ఫెయిలయ్యారు, రెండోసారి పాసయ్యారు.

విచారణ జరిగి ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది. సెంటర్ డైరెక్టర్ ఫోన్ చేసి, "ఇది ఒక్క ఉద్యోగి చేసిన తప్పు" అన్నాడు. "మాట రాని ముగ్గుర్ని ఒక్క మనిషికి అప్పజెప్పి, తొందరగా కానిమ్మన్నది ఎవరు?" అని అడిగాను. తమ లాయర్‌తో మాట్లాడమన్నాడు. క్షమించమన్న మాట ఈ రోజుకీ రాలేదు.

మావారి సామాను తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ బల్ల దగ్గరి ఒక ముసలావిడ కొడుకు పార్కింగ్‌లో నన్ను ఆపాడు. "మా అమ్మకీ మచ్చలున్నాయి. పెద్దవయసు కదా, మామూలేననుకున్నాను" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఎడమచేత్తో తనే తింటారు, గంట పడుతుంది, పట్టనీ. కొత్తగా కొన్ని మాటలు వచ్చాయి. మొన్న పప్పులో ఉప్పు తక్కువైందని విసుక్కున్నారు కూడా. భోజనం దగ్గర వెనకనుంచి ఎవరైనా వస్తే మాత్రం ఇప్పటికీ భుజాలు బిగుసుకుంటాయి. అది చూసినప్పుడల్లా నా కోపం మళ్ళీ మొదటికొస్తుంది. తగ్గించుకోమని సలహా ఇచ్చేవాళ్ళకి నేను జవాబు చెప్పడం మానేశాను.

మీవాళ్ళెవరైనా ఇలాంటి చోట ఉంటే, మీకు వీలైన వేళకి కాదు, వాళ్ళకి తినిపించే వేళకి, స్నానం చేయించే వేళకి చెప్పకుండా వెళ్ళండి. అనుమానం వస్తే అదే రోజు ఫోన్ చెయ్యండి. పక్కన మాట రాని మరొకరుంటే వాళ్ళ సంగతి కూడా చెప్పండి. వాళ్ళకోసం వచ్చేవాళ్ళు ఉన్నారో లేదో మనకి తెలియదు.